గోనె కింది పసుపు చేప

మా ఇంట్లో కొన్నేళ్లు సముద్రం ఉండేది. మూడు మూరల పొడవు, మూరెడు ఎత్తు. ముందరి అర్రలో కిటికీ పక్కన ఇనుప బల్ల మీద అద్దాల తొట్టిలో ఉండేది. పొద్దున ఎండ ఆ నీళ్లలో దూరి ఎదురు గోడ మీద పడితే సున్నం గోడంతా మెల్లగా ఊగేది. చీపురు పట్టుకుని అక్కడికి వచ్చేసరికి నా చేయి ఆగిపోయేది. కాసేపటికి నన్ను నేనే తిట్టుకుని మళ్లీ ఊడ్చేదాన్ని. పని ఆపి గోడను చూసే ఆడదాన్ని నేనే ఇంకెక్కడైనా చూస్తే ఊరుకునేదాన్ని కాను.

భాషల లెక్కన రాష్ట్రాలు మారిన ఏడాది మేము బోధన్ వచ్చాం. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో రసం పరీక్ష చేసే గదిలో పనిచేసేవాడు. చెరుకు ఆడే నెలల్లో ఊరంతా తీపి వాసన. ఎడపల్లి దిక్కు నుంచి బండ్లు రోడ్డు పొడుగునా వరసగా నిలబడేవి. మంచులో ఎద్దుల కొమ్ములు మాత్రమే కనబడేవి, బండ్లు కనబడేవి కావు. ఆరేసిన బట్టకు కూడా చెరుకు మడ్డి వాసన పట్టేది. ఆ తీపి గాలి మధ్యలో, మా ఇంట్లో ఒక్క తొట్టెడు ఉప్పునీళ్లు. తలచుకుంటే నాకే కలగన్నట్టుంటుంది.

ఆ తొట్టి మాది కాదు. బొంబాయి నుంచి వచ్చిన ఒక ఇంజనీరు తన బంగళాలో పెట్టుకున్నాడు. రైల్లో డబ్బాలతో సముద్రం నీళ్లు తెప్పించేవాడు. నీళ్లలో ఉప్పు సరిగ్గా ఉందో లేదో చూసే పని మా ఆయనకు అప్పజెప్పాడు. మా ఆయన రసం చిక్కదనం చూసే గాజు పుల్లలాంటిదే ఒకటి ఆ నీళ్లలో నిలబెట్టి గీతలు చదివేవాడు. ఇంజనీరుకు బదిలీ అయ్యాక ఆ తొట్టి, అందులోని మూడు చేపలు, గాలి బుడగల మిషను, ఒక నోటుబుక్కు మా ఇంటికి వచ్చాయి. "ఇంట్ల మనుషులకే జాగ లేదు" అన్నాను. ఆయన బల్ల కాళ్ల కింద పెంకు ముక్కలు పెట్టి సరిచేసుకున్నాడు.

మరుసటి ఏడాది ఒక కొత్త చేపను తెప్పించి నేరుగా తొట్టిలో వేశాడు. పది రోజులు తిరక్కుండా దాని ఒంటి మీద తెల్ల చుక్కలు లేచాయి. రవ్వ చల్లినట్టు. తర్వాత అన్నిటికీ లేచాయి. అవి రాళ్లకు ఒళ్లు రుద్దుకునేవి, నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేవి. నాలుగింటిలో మూడు పోయాయి. నల్ల గీతల చిన్న చేప ఒక్కటి ఎట్లా మిగిలిందో తెలియదు. అప్పుడు ఆయన నోటుబుక్కు తీసి ఇంగ్లీషు చదివి నాకు చెప్పాడు. కొత్త చేపను నలభై రోజులు వేరే నీళ్లలో ఉంచాలట. చుక్కలు లేస్తే మైలుతుత్తం నీళ్లు కొలిచి వేయాలట. కొలత కొంచెం ఎక్కువైతే రోగం కన్నా ముందు చేప పోతుందట.

"సదువుడు ముందుగాల ఉండాలె" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నోటుబుక్కు మూసి బయటికి పోయాడు.

తర్వాత రెండేళ్లు ఆ నల్ల గీతల చేప ఒక్కతే తిరిగింది. ఆయన డ్యూటీ దిగి వచ్చి కుర్చీ జరుపుకుని దాని ముందు కూర్చునేవాడు. అది అద్దం దగ్గరికి వచ్చి ఆయన వేలు ఎటు జరిపితే అటు జరిగేది. "ఒక్కతే ఉండుడు దానికి మంచిగ లేదే" అనేవాడు. ఎవరి గురించి అంటున్నాడో అనిపించేది ఒక్కోసారి.

మా పక్కింట్లో గిన్నెలకు కళాయి పూసేవాళ్లు ఉండేవారు. ఆ ఇంటి ఆవిడను నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవడానికి ఇద్దరికీ ఇష్టం లేదు. ఆమె తమ్ముడు బొంబాయిలో పనిచేస్తూ పండుగలకు వచ్చిపోయేవాడు. ఒక ఏడాది చలికాలంలో అతను మన్మాడ్ మీదుగా రైల్లో వస్తూ మా ఆయన చెప్పిన చేపను పట్టుకొచ్చాడు. నీళ్ల సంచిలో చేప, సంచి ఒక డబ్బాలో, డబ్బా ఒడిలో. వెంట మూత బిగించిన నాలుగు డబ్బాల సముద్రం. అతని చూపుడువేలు వంకాయంత వాచి ఉంది.

"గిది మచ్లీ కాదు అక్కా, తేలు" అన్నాడు. "సంచి మారుద్దామని చెయ్యి పెడితే వీపు ముండ్లతోని కుట్టింది. రైలంత ఏడ్సిన."

"ఎవలన్న చూసిండ్రా?" అంది ఆపా.

"రైలు డబ్బంత చూసింది."

అతనే ఇంకో మాట చెప్పాడు. బొంబాయి పని మానుకున్నాడు, నిజామాబాద్‌లో దుకాణం పెట్టుకుంటున్నాడు. ఇక బొంబాయి పోడు. అంటే చేప గానీ, సముద్రం నీళ్లు గానీ తెచ్చేవాళ్లు లేరు. మా ఆయన ఆ మాట విని తలూపి, సంచిలోకి చూశాడు. ఇదే చివరిది.

వేలెడు చేప. మూతి కుందేలు మూతిలా ముందుకు వచ్చి ఉంది. ఒళ్లంతా పసుపు. నిజామాబాద్ మార్కెట్లో కొత్త పసుపు రాసులు పోసిన రోజు గాలి కూడా ఆ రంగుగా ఉంటుంది చూడండి, ఆ పసుపు. దాన్ని ఎక్కడ ఉంచాలన్నది నేనే చెప్పాను. మా లోపలి అర్రకు కిటికీ లేదు. బెల్లం, చింతపండు, విత్తనాల కుండలు అక్కడే ఉండేవి. మా పెద్ద బిడ్డకు నాలుగేళ్లప్పుడు అమ్మవారు పోస్తే ఆ పిల్లను కూడా ఇట్లాంటి చీకటి అర్రలోనే పెట్టి దక్కించుకున్నాను. వెలుతురు తగలనియ్యలేదు, పరాయి మనిషి నీడ పడనియ్యలేదు, గడపకు వేపమండలు కట్టాను, ఇంట్లో తాలింపు వాసన రానియ్యలేదు. పిల్ల బతికింది. ఇప్పుడు చందూర్‌లో కాపురం చేస్తున్నది. రోగిని వేరు పెట్టడమంటే నాకు తెలిసిన తీరు అదే.

బిందెడు నీళ్లు పట్టే గాజు పాత్ర ఒకటి ఆయన దగ్గర ఉండేది. అందులో చేపను వేసి, బుడగల గొట్టం పెట్టి, పైన, చుట్టూ గోనెసంచి కప్పాను. నోటుబుక్కులో గోనె గురించి లేదు. ఆయనా అడగలేదు. ముగ్గురు పిల్లల రోగాలు చూసినదాన్ని నేను, మూడు చేపలను పోగొట్టుకున్నవాడు ఆయన. ఎవరి మాట చెల్లుతుంది?

రోజూ పొద్దున ఆయన వచ్చి గోనె ఎత్తి, ఆ మసకలోనే కదులుతున్నదా లేదా అని ఒక్క చూపు చూసి దించేవాడు. సాయంత్రం నేను గోనె కొసను కొంచెం తొలగించి, పాలకూర ఆకు రాయి కట్టి వేసి, మళ్లీ కప్పేదాన్ని. తెల్లారేసరికి ఈనె మాత్రం మిగిలేది. ఆ అర్రలో నిలబడితే బుడగల శబ్దం ఒక్కటే వినబడేది. ఎక్కడో దూరాన అన్నం ఉడుకుతున్నట్టు. ఆ శబ్దంలో నాకు మా అమ్మ ఇల్లు, మానేసిన బడి, దాటని వాగులు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపోయేవి. తలుపు వేసుకుని బయటికి వచ్చాక ఎంతసేపు నిలబడ్డానో తెలిసేది కాదు. పొయ్యి మీది నీళ్లు మరిగి సగమయ్యేవి.

తొమ్మిదో రోజు పొద్దున ఆయన కేక వేశాడు.

"ఏమే, జెల్ది రా. దీపం పట్టుకొని రా."

పట్టుకుని పోయాను. గోనె ఎత్తి ఉంది. చేప మూలకు ఒదిగి, ముళ్లన్నీ లేపి నిలబడింది. పసుపు లేదు. ఒళ్లంతా మాసిపోయి, గోధుమరంగు మచ్చలు, పెనం మీద ఎక్కువసేపు ఉన్న జొన్నరొట్టె లెక్క.

"లేసినయి" అన్నాడాయన. "అయిపాయె. ఇగ అయిపాయె."

"తెల్లయి కావు గద?"

"తెల్లయి ఒక రోగం, నల్లయి ఒక రోగం. నోటుబుక్కుల అన్ని రాసుంటయా?"

గోనె దించేశాడు. నేను ఆ పూటే గడపకు వేపమండలు కట్టాను. ఇంట్లో తాలింపు మానేశాను. ఆయన ఉత్త పప్పు, ఉత్త చారు తిన్నాడు. ఏమిటని అడగలేదు, ఉప్పు చాలలేదని కూడా అనలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడు రోజులు అంతే. పొద్దున గోనె ఎత్తడం, మచ్చలు చూడడం, దించడం. ఆయన ఒక కాగితం మీద చేప బొమ్మ వేసి, మచ్చలు దిద్ది, సైకిలు తొక్కుకుంటూ రుద్రూర్ పోయాడు. అక్కడ చెరుకు తెగుళ్లు చూసే ఒక పెద్దమనిషి ఆయనకు తెలుసు. సాయంత్రం దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చాడు.

"ఏమన్నడు?"

"ఆకు మీద అయితే చెప్పేటోన్ని అన్నడు. చాయ పోసిండు."

ఆపా పిట్టగోడ అవతల నుంచి వేపమండలు చూసి వచ్చింది.

"ఎవలకు అక్కా? పిల్లలెవ్వరు లేరు గద ఇంట్ల?"

"చేపకు" అన్నాను. చెప్పక తప్పలేదు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "యా అల్లా! మచ్లీకి మాతా వచ్చిందా? మరి మా మేకకు దగ్గు వచ్చింది, దానికి ఏం కట్టాలె? అరె అక్కా, ఊరుగాని ఊరికి తెచ్చి, చీకటి అర్రల పెట్టి, మొఖం మీద గోనె కప్పితివి. కొత్త కోడలికైనా మొఖం నల్లవడుతది."

"నీకు అన్నీ పరాచికాలే" అన్నాను కోపంగా. ఆమె పోయింది. ఆ మాట మాత్రం పోలేదు.

నాలుగో రోజు సెలవు. ఆయన పొద్దున్నే మైలుతుత్తం పొట్లం విప్పి, చిన్న తక్కెడలో తూచి, గాజు గ్లాసులో కరిగించాడు. ఆ నీలం ఎంత అందంగా ఉందంటే, సముద్రం ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాను. గ్లాసు చూరు కింద అరుగు మీద పెట్టాడు. మందు వేశాక చేపను మధ్య మధ్య చూస్తుండాలి, లోపలి అర్రలో కనబడదు అని పాత్రను వెనక వసారాలోకి జరిపాం. ఇద్దరం గోనెతో సహా ఈడ్చుకుంటూ తెచ్చి వెలుతురులో పెట్టాం. ఆయన గోనె ఎత్తాడు. మచ్చలు అట్లాగే ఉన్నాయి. చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"చెరువుకు వోయి తానం చేసి వచ్చి పోస్త" అన్నాడు. "నువ్వు ముట్టకు."

స్నానమెందుకో నాకు తెలుసు. మందు పోసే గడియను కొంచెం వెనక్కి జరుపుకుంటున్నాడు. ఎక్కువ పోస్తే ఆయన చేతి మీదుగా పోతుంది. పోయకుంటే, రోగమైతే అదీ పోతుంది, నలభై రోజులకు తొట్టిలో కలిపితే నల్ల గీతలదీ పోతుంది. ఏ దారిన పోయినా ఆ కుర్చీ ముందు నీళ్లు ఒట్టిగా మిగులుతాయి.

నేను చాటలో బియ్యం పోసుకుని పాత్ర పక్కన కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నా చేత కాదు. మెరిగలు ఏరుతూ ఒకసారి చూశాను. మచ్చలున్నాయి. సగం చాట అయ్యాక మళ్లీ చూశాను. కొంచెం పలచబడినట్టుంది. ఎండ పడి అట్లా కనబడుతుందేమో అని పాత్ర వెనక్కి పోయి చూశాను. అప్పుడు ఇంకొకటి కనబడింది. చేప అటు తిరిగింది. అటు పక్కనా అవే మచ్చలు, అదే చోట, అదే తీరు. కన్ను వెనక ఒకటి, నడుము మీద రెండు, తోక మొదట్లో ఒకటి. చీర రెండు వైపులా ఒకే బొమ్మ అచ్చు వేసినట్టు. మా బిడ్డ ముఖం గుర్తొచ్చింది. కుడి చెంపకున్నది ఎడమ చెంపకు లేదు. రోగం కొలత పెట్టుకుని పోస్తుందా ఎక్కడైనా?

చాట అయిపోయేసరికి చేప పసుపుగా ఉంది.

కళ్లు తుడుచుకున్నాను. లేచి పిట్టగోడ దగ్గరికి పోయి ఆపాను పిలిచాను. ఆమె పిండి చేతులతో వచ్చి వంగి చూసింది.

"ఏవి మచ్చలు? హల్దీ కొమ్ము లెక్క ఉన్నది."

"ఆగు" అని గోనె కప్పాను. ఇంకొంచెం బియ్యం పోసుకుని ఏరాను. ఆమె పిండి ఆరిపోతున్నదని గొణిగింది. గోనె ఎత్తాను. మచ్చలు.

ఆపా ఈసారి నవ్వలేదు. "తౌబా" అంది మెల్లగా. గోనె పక్కన పడేసి ఇద్దరం కూర్చున్నాం. వసారాలో ఎండ జరుగుతున్నది. నీళ్ల వెలుతురు ఆపా ముఖం మీద, నా చేతుల మీద ఊగుతున్నది. ఇద్దరమూ ఏదో నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది. ఎంతసేపో తెలియదు. మచ్చలు ఒక్కొక్కటే లోపలికి మునిగిపోయాయి, పసుపు పైకి తేలింది. ఇంకోసారి కప్పి చూశాం. అట్లాగే అయ్యింది.

చీకట్లో అది మచ్చల గుడ్డ కట్టుకుని పడుకుంటున్నది. గోనె ఎత్తగానే బెదిరిపోయి ఆ గుడ్డతోనే మా ముందు నిలబడుతున్నది. మేమేమో ఆ ఒక్క చూపు చూసి, భయపడి, మళ్లీ కప్పుతున్నాం. మార్చుకునేంత సేపు ఎవ్వరం ఉండలేదు. గోనె కప్పింది నేనే, వేరెవరూ కాదు.

ఆయన తడి తలతో వచ్చి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"సూడుండ్రి" అన్నాను. "మచ్చలు లేవు."

చూశాడు. ముఖం వెలగలేదు, ఇంకా వాడిపోయింది. "లోపటికి వోయింది" అన్నాడు. "నువ్వే గద అన్నవు, మన బిడ్డకప్పుడు. పైకి కనబడకుండ పోతే ఇంక భయం అని. నాలుగు రోజులు ఆలిశ్యం చేస్తిని."

నా మాటే నాకు ఎదురు వచ్చింది. ఆయన వంగాడు, గ్లాసు పాత్ర మీదికి వచ్చింది. నేను అరచేయి అడ్డం పెట్టాను. నీలం నీళ్లు పాత్రలో పడకుండా నా గాజుల మీదుగా నేల మీద పడ్డాయి.

"తియ్యి చెయ్యి."

"తియ్య. మనిషి సంగతి మనిషిది. గీ మచ్చ ఇటు ఎట్లున్నదో అటు గట్లనే ఉన్నది. అమ్మవారు చెంపకు చెంప కొలిసి పోస్తదా? రాళ్లకు రుద్దుకుంటున్నదా? పాలకూర మానేసిందా? నోరు తెరుస్తున్నదా?"

"నీకేం తెలుసే చేపల సంగతి?"

"మీకు తెలిసే మూడు పోయినయి" అనబోయి మింగాను. "నాకు తెల్వది. నేను తప్పు చేసిన. గోనె కప్పింది నేను. మీరు పరీక్షలు చేసెటోళ్లు గద, చేసి సూడుండ్రి. గడియారం పట్టుకోండ్రి, కప్పుండ్రి, ఎత్తుండ్రి. సాయంత్రం దాక నేను చెప్పింది అబద్ధమైతే మీరు పోయుండ్రి, నేను అడ్డం రాను."

ఆపా నా వెనక నుంచి అంది: "అన్నా, ఆమె తప్పు చేసిన అన్నది. నేను ఇన్నేండ్లల్ల ఎన్నడు వినలే. గీ ఒక్క దానికన్న ఇనుండ్రి."

ఆయన గ్లాసు దించాడు. లోపలికి పోయి చేతి గడియారం, పెన్సిలు, ఫ్యాక్టరీ కాగితం తెచ్చుకున్నాడు. ఆ రోజంతా వసారాలో కూర్చున్నాడు. కప్పాడు, ఎత్తాడు, రాసుకున్నాడు. మొదటిసారి రాసేటప్పుడు పెదవులు బిగించుకున్నాడు. మూడోసారికి కాగితం పక్కన పెట్టి మోచేతుల మీద వంగాడు. నేను మధ్యాహ్నం అన్నం అక్కడే తెచ్చిపెట్టాను. పప్పులో తాలింపు వేశాను. ఎల్లిపాయ వాసన వసారా నిండా వచ్చింది. ఆయన తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ చేపను చూశాడు.

సాయంత్రం ఆయన పెరటి చివర గుంత తీసి మిగిలిన మైలుతుత్తం నీళ్లు అందులో పోసి మట్టి కప్పాడు. నేను గోనె ఉతికి తీగ మీద వేశాను.

నలభై రోజులు మాత్రం తగ్గించలేదు. నేనూ తగ్గించమనలేదు. మచ్చలు కాకపోయినా, కనబడని రోగాలుంటాయి కదా. ఇంకా మిగిలిన రోజులన్నీ పాత్ర వసారాలోనే ఉంది. పొద్దున తొందర తొందరగా చూసే అలవాటు ఇద్దరికీ పోయింది. బియ్యం ఏరేది అక్కడే, కూరగాయలు తరిగేది అక్కడే. మా ఆడబిడ్డ వచ్చి చూసి, "వదినె ముసలితనంల సోమరి అయ్యింది" అని పోయింది.

నలభై ఒకటో రోజు ఆయన చేపను నీళ్లతో సహా ఒక డబ్బాలోకి దింపి ముందరి అర్రలోకి తెచ్చాడు. తొట్టి మీదికి డబ్బా ఎత్తలేకపోయాడు. డబ్బా నా చేతుల్లో పెట్టాడు.

"నువ్వు పొయ్యి" అన్నాడు.

"ముండ్లుంటయి" అన్నాను.

"నీకన్ననా?"

ఆపా గడపలో నిలబడి పకపక నవ్వింది. నేను డబ్బాను అద్దం అంచుకు ఆనించి మెల్లగా వంచాను. చేప జారి నీళ్లలో పడి, అడుగుకు పోయి, రాళ్ల పక్కన ముళ్లు లేపి నిలబడింది. ఒళ్లంతా నల్లబడింది, మచ్చలన్నీ లేచాయి. నల్ల గీతల చేప దూరం నుంచి ఒకసారి వచ్చి చూసి వెనక్కి పోయింది.

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. నాకు ఒక పీట తెచ్చి పక్కన వేశాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పబోయాను. ఆపా తనే వంటింట్లోకి పోయి పాలు దించి వచ్చింది. కిటికీలోంచి ఎండ నీళ్లలోకి దిగుతున్నది. కూర్చున్నాను. తోక దగ్గర పసుపు మొదలైంది.